స్తెరియా నాటకకర్తా, విద్యాశాఖ అధికారా? సెమినార్ పేపర్ రాస్తున్నవారికి నా సమాధానం

మీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఇది. థియేటర్ ఆర్ట్స్‌లో పీజీ చేస్తున్నారు. సెమినార్ పేపర్‌కి పంతొమ్మిదో శతాబ్దపు సెర్బియా రచయిత యోవాన్ స్తెరియా పోపోవిచ్‌ను ఎంచుకున్నారు. ఎక్కడ చదివినా ఒక పేరా నాటకాల గురించి, ఇంకో పేరా విద్యాశాఖ ఉద్యోగం గురించి ఉంటోంది తప్ప, రెండూ ఒకే మనిషి జీవితంలో ఎలా ఇమిడాయో ఎవరూ చెప్పడం లేదు. ఆయన్ని ‘సెర్బియా వీరేశలింగం’ అనొచ్చా అని కూడా అడిగారు. ఏ నాటకంతో మొదలుపెట్టాలన్నది చివరి ప్రశ్న.

సూటిగా చెప్పాలంటే: ఆ రెండు పేరాల మధ్య ఉన్న ఎనిమిదేళ్లే మీ పేపర్. 1840లో ఆయన సెర్బియాలో ఉద్యోగానికి వెళ్లాడు, 1848లో వదిలేసి సొంతూరు వచ్చేశాడు. వెళ్లకముందు రాసిన హాస్యనాటకాల్లో ఒక్కో మనిషిని ఎగతాళి చేశాడు: పిసినారిని, అబద్ధాలకోరుని, లేని గొప్పలకు పోయే ఆడమనిషిని. తిరిగొచ్చాక రాసిన పెద్ద నాటకంలో ఊరంతటినీ, అందులోనూ దేశభక్తులమని చెప్పుకునేవాళ్లను పట్టుకున్నాడు. మధ్యలో ఆయన ఆఫీసు కుర్చీలో కూర్చుని ఒక కొత్త దేశానికి బడులు, మ్యూజియం, పండితుల సంఘం కట్టే పనిలో ఉన్నాడు. ఆ అనుభవం లేకపోతే చివరి నాటకం లేదు. వీరేశలింగం పోలిక నేనైతే వాడను. ఎందుకో కింద చెప్తాను.

నేను నాటక చరిత్ర పాఠం చెప్తాను, పరిషత్తు నాటికలు డైరెక్ట్ చేస్తాను. స్తెరియా నాటకాల ముక్కల్ని తెలుగులోకి తెచ్చుకుని క్లాసులో పిల్లల చేత వేయించాను. పండితుడిగా కాదు, వేయించి చూసినవాడిగా చెప్తున్నానని గుర్తుపెట్టుకుని చదవండి.

ముందు ఆయన ఎక్కడివాడో సరిగ్గా పట్టుకోవాలి. చాలామంది పేపర్లు ఇక్కడే తప్పుతాయి. స్తెరియా 1806 జనవరిలో వ్రషాత్స్ అనే ఊళ్లో పుట్టాడు. ఆ ఊరు ఇవాళ సెర్బియాలో, రొమేనియా సరిహద్దుకి దగ్గర్లో ఉంది. అప్పట్లో మాత్రం అది ఆస్ట్రియా సామ్రాజ్యంలోని బానాత్ ప్రాంతం. అసలు సెర్బియా డాన్యూబ్ నదికి అవతల, పేరుకి టర్కీ సుల్తాన్ కింద ఉంటూ 1830 నుంచి స్వయంపాలన చేసుకుంటున్న చిన్న సంస్థానం. అంటే ఒకే భాష మాట్లాడే జనం రెండు సామ్రాజ్యాల కింద ఉన్నారు. ఇవతలివాళ్లకి చదువు, పట్నవాసం, జర్మన్ పుస్తకాలు ఉన్నాయి. అవతలివాళ్లకి తిరుగుబాట్లు చేసి సంపాదించుకున్న రాజ్యం ఉంది, దాన్ని నడపడానికి చదువుకున్నవాళ్లు లేరు. స్తెరియా జీవితం మొత్తం ఈ తేడా చుట్టూనే తిరిగింది.

తండ్రి గ్రీకు మూలాలున్న వ్యాపారి. తల్లి యూలియానా, నికొలా నెష్కోవిచ్ అనే చిత్రకారుడి కూతురు. పిల్లాడు చిన్నప్పటి నుంచీ రోగిష్టి, ఎడమ చెయ్యి సరిగ్గా పనిచేసేది కాదు. వ్రషాత్స్, తెమిష్వార్ (ఇవాళ రొమేనియాలోని తిమిషోవారా), పెష్ట్ (ఇవాళ బుడాపెస్ట్‌లో భాగం)లలో చదువుకుని, ఇవాళ స్లోవాకియాలో ఉన్న కెజ్‌మారోక్‌లో లా పూర్తిచేశాడు. సొంతూళ్లో కొన్నాళ్లు లాటిన్ పాఠాలు చెప్పాడు, తర్వాత వకీలుగా ప్రాక్టీస్ పెట్టాడు. ఈ లా చదువుని పేపర్‌లో తేలిగ్గా తీసెయ్యకండి. తర్వాత ఆయన చేసిన పెద్ద పనులన్నీ కాగితం మీద చట్టాలుగా, ఉత్తర్వులుగా రాసినవే.

రాయడం ఇరవయ్యేళ్లు దాటుతూనే మొదలుపెట్టాడు. మొదట చరిత్ర విషాదాలు, 1389లో టర్కీ సైన్యంతో జరిగిన కొసోవో యుద్ధ వీరులు, గంభీరమైన డైలాగులు. అవి అలా ఉంచండి. 1830లో ‘లాజా ఇ పారలాజా’ వచ్చింది. ఇద్దరు పచ్చి అబద్ధాలకోరులు, ఒకడు దొర వేషం, ఇంకొకడు వాడి నౌకరు. దొర వేషగాడు బారన్ గోలిచ్‌నని చెప్పుకుంటూ, జర్మన్ నవలలు చదివి మతిపోయిన యెలిత్సా అనే అమ్మాయి ఇంట్లో చేరతాడు. చంద్రుడి మీదికి వెళ్లొచ్చానని కూడా కోస్తాడు. ఆ పిల్ల నమ్ముతుంది. ఆ తండ్రీ నమ్ముతాడు, అల్లుడు దొర అవుతున్నాడని సంబరం మరి.

1837లో ‘పిసినారి’ వచ్చింది. హీరో పేరు మీద దీన్ని ‘కిర్ యాన్యా’ అని కూడా అంటారు. మొలియేర్ పిసినారి నాటకంతో అందరూ పోల్చేదే. పోల్చండి, కానీ ఒక్క తేడా పట్టుకోండి. మొలియేర్ పిసినారి ఏ ఊరివాడైనా కావచ్చు. కిర్ యాన్యా బానాత్‌లో స్థిరపడ్డ గ్రీకు వ్యాపారి, విరిగిపోయిన సెర్బియన్‌లో మాట్లాడతాడు, ఫలానా కాలంలో ఫలానా బజార్లో కనబడే మనిషి. గుర్రాలశాల బాగుచేయించడానికి డబ్బు తియ్యడు. అది కూలి గుర్రాలు చస్తాయి. అప్పుడు కూడా బాధ గుర్రాల మీద కాదు, వాటి ఖరీదు మీద. స్తెరియా తండ్రి కూడా అలాంటి వ్యాపారుల్లోంచి వచ్చినవాడే కాబట్టి, ఆ మాట తీరు రచయితకి బయటినుంచి ఏరుకొచ్చింది కాదు.

ఇక్కడ నా అనుభవం ఒకటి. ఈ నాటకంలో ఒక సీను క్లాసులో వేయించినప్పుడు, యాన్యా పాత్రకి మార్వాడీ యాస పెడదాం సార్, జనం పడీ పడీ నవ్వుతారని పిల్లలు అన్నారు. వద్దన్నాను. యాస పెడితే నవ్వు యాస మీదికి పోతుంది, పిసినారితనం మీద నిలవదు. సీను చివరికొచ్చేసరికి ప్రేక్షకుడు ‘వాళ్లంతా ఇంతే’ అనుకుని ఇంటికి పోతాడు. మామూలు గోదావరి జిల్లా తెలుగులోనే చెప్పించి, లెక్క చెప్పేటప్పుడు మాత్రం గొంతు తగ్గించమన్నాను, పక్కింటివాడు ఎక్కడ వింటాడోనన్నట్టు. అప్పుడు అది పనిచేసింది. స్తెరియాని స్టేజి మీద వేసేవాళ్లకి నేనిచ్చే మొదటి సలహా ఇదే.

మరుసటి ఏడాది ‘పొకొందిరెనా తిక్వా’ అచ్చయింది. గుమ్మడికాయ తానే కూజానని మిడిసిపడటం అన్నమాట. ఫేమా, పల్లెటూరి తోలుచెప్పులు కుట్టేవాడి భార్య. మొగుడు పోయాక, డబ్బుంది కదా ఇక దొరసాని అయిపోవాలనుకుంటుంది. నౌకరు పేరు యోవాన్ అయితే, జర్మన్ వాసన తగలాలని ‘యోహాన్’ అని పిలుస్తుంది. కూతురికి ప్రేమించినవాణ్ణి కాదని, ఎవరికీ అర్థంకాని పండిత భాషలో కవిత్వం చెప్పే రుజిచిచ్ అనేవాణ్ణి కట్టబెట్టాలని చూస్తుంది. అదే 1838లో వచ్చిన ‘గయ్యాళి పెళ్లాం’ నాటకంలో, నౌకర్లని హింసించే జమీందారు భార్యని నిద్రలో ఒక చెప్పులు కుట్టేవాడి భార్య స్థానంలోకి మార్చేస్తారు. వాడు ఆమెని కొట్టి దారికి తెస్తాడు. నాటకం నిర్మాణం గట్టిగానే ఉంది గానీ, ఇవాళ దాన్ని అలాగే వేస్తే నేను సీట్లో కూర్చోలేను. మీ పేపర్‌లో దీన్ని దాచకండి, రెండు వాక్యాల్లో చెప్పి ముందుకెళ్లండి.

ఇప్పుడు అసలు విషయం, ఆ ఎనిమిదేళ్లు.

1840లో ఆయన నది దాటి క్రాగుయెవాత్స్ వెళ్లాడు. అక్కడి లైసియం అప్పటికి సెర్బియాలో ఉన్న ఏకైక ఉన్నత విద్యాసంస్థ, పెట్టి రెండేళ్లే అయింది. అందులో సహజ న్యాయశాస్త్రం చెప్పే ప్రొఫెసర్ ఉద్యోగం. మరుసటి ఏడాదే లైసియాన్ని బెల్‌గ్రేడ్‌కి మార్చారు, ఆయనా వెళ్లాడు. ఆ బెల్‌గ్రేడ్‌ని ఊహించుకోండి. కోటలో ఇంకా టర్కీ సైన్యం ఉంది, 1867 దాకా ఖాళీ చెయ్యలేదు. కింద సావా నది ఒడ్డున కస్టమ్స్ కార్యాలయం. 1841 డిసెంబర్‌లో ఆ కస్టమ్స్ బిల్డింగ్‌లోనే స్టేజి కట్టి స్తెరియా రాసిన ‘స్తెఫాన్ దెచాన్‌స్కీ మరణం’ విషాదనాటకం వేశారు. బెల్‌గ్రేడ్ నాటకరంగ చరిత్ర చెప్పేవాళ్లు ఆ కస్టమ్స్ థియేటర్‌ని వదిలిపెట్టరు. అది ఎక్కువ కాలం నడవలేదు. సరుకుల మీద సుంకం కట్టించుకునే భవనంలో నాటకం వేయడం వింటే మనలాంటి వాళ్లకి నవ్వూ వస్తుంది, కడుపూ నిండుతుంది. గోడౌన్లలో రిహార్సల్స్ చేసుకున్న ఏ డైరెక్టర్‌కైనా ఇది తెలిసిన బతుకే.

అదే 1841 నవంబర్‌లో, అతనాసియే నికోలిచ్ అనే ఇంకో లైసియం ప్రొఫెసర్‌తో కలిసి సెర్బియన్ సాహిత్య సంఘాన్ని పెట్టించాడు. ముందు చేపట్టిన పని ఏంటంటే, శాస్త్రాలు సెర్బియన్‌లో చెప్పాలంటే పదాలు లేవు కాబట్టి వాటిని తయారుచేయడం. 1842లో రాజు మారాడు, మిహాయిలో పోయి అలెగ్జాండర్ కరజోర్జెవిచ్ వచ్చాడు. ఆ గొడవల్లో సంఘం పని ఆగిపోయి 1844లో మళ్లీ మొదలైంది. సెర్బియా అకాడమీ ఈ సంఘాన్నే తన పునాదిగా చెప్పుకుంటుంది.

1842లోనే ఆయన విద్యాశాఖకు అధిపతి అయ్యాడు. గమనిక: ఆయన్ని ‘విద్యామంత్రి’ అని రాయకండి. నెట్‌లో చాలాచోట్ల అలా ఉంది. న్యాయం, విద్య రెండూ ఒకే మంత్రి కింద ఉండేవి. స్తెరియా ఆ మంత్రి కింద విద్యా విభాగానికి పెద్ద. మన లెక్కలో సెక్రటేరియట్ అధికారి అనుకోండి. సంతకం వేరేవాళ్లది, డ్రాఫ్టు ఈయనది.

ఆ డ్రాఫ్టుల్లో 1844 ఒక్క ఏడాది పంట చూడండి. ప్రాథమిక బడి నుంచి జిమ్నాజియం (అంటే హైస్కూలు), లైసియం దాకా అన్నిటినీ ఒకే తీగకి కట్టిన విద్యాచట్టం సెప్టెంబర్‌లో వచ్చింది. అంతకుముందు మే నెలలో నేషనల్ మ్యూజియం పెట్టారు. పాత కోటల శిథిలాలు కూల్చి రాళ్లు పట్టుకుపోకూడదని నిషేధం కూడా అదే ఏడాది. సెర్బియా పౌర స్మృతి కూడా 1844లోనే వచ్చింది, అది మాత్రం యోవాన్ హాజిచ్ పని. ఆయనా నది ఇవతల నుంచి వెళ్లిన లాయరు, రచయితే. ఇవతలివాళ్లు ఎంత అవసరమయ్యారో దీన్నిబట్టే తెలుస్తుంది.

మ్యూజియం అంటే ఇవాళ బెల్‌గ్రేడ్ రిపబ్లిక్ స్క్వేర్‌లో, రాజు మిహాయిలో గుర్రం మీద కూర్చున్న విగ్రహం వెనక ఉన్న పెద్ద భవనం గుర్తొస్తుంది. చాలా ఏళ్లు మూసేసి బాగుచేసి 2018లో మళ్లీ తెరిచారు. 1844లో భవనమూ లేదు, అందులో పెట్టడానికి వస్తువులూ లేవు. జిల్లాల అధికారులకి, టీచర్లకి ఉత్తర్వులు పోయాయి: పాత నాణేలు, రాతప్రతులు, శాసనాల రాళ్లు కనబడితే పంపండి అని. నాకు ఈ మనిషి మీద ఇష్టం పెరిగింది ఇక్కడే. నాటకాల్లో లేని గొప్పలకు పోయేవాళ్లని ఉతికి ఆరేసినవాడు, ఆఫీసులో ఉన్న కొద్దిపాటి గొప్పని పాడుచేసుకోకండిరా అని ఉత్తరాలు రాయించాడు.

లైసియం తర్వాత 1863లో ‘ఉన్నత పాఠశాల’ అయింది, 1905లో బెల్‌గ్రేడ్ యూనివర్సిటీ అయింది. సాహిత్య సంఘం 1864లో ‘పండిత సంఘం’గా మారింది, 1886లో రాయల్ అకాడమీ వచ్చింది. అంటే ఆయన చెయ్యి పడ్డ సంస్థలు పేర్లు మార్చుకుంటూ ఇవాళ్టి దాకా నడుస్తున్నాయి.

ఇంకో జాగ్రత్త, భాష గొడవ గురించి. అదే కాలంలో వూక్ కరాజిచ్ వాడుక భాష, కొత్త అక్షరక్రమం అని పోరాడుతున్నాడు. సెర్బియా ప్రభుత్వం 1832లో దాన్ని నిషేధించింది, 1868లో గానీ పూర్తిగా ఒప్పుకోలేదు. స్తెరియా పెట్టించిన సంఘం తొలినాళ్లలో వూక్ పక్షాన నిలబడలేదు. చూడగానే ‘స్తెరియా ఛాందసుడు’ అని రాసెయ్యాలనిపిస్తుంది. ఆయన హాస్యనాటకాలు తెరిచి చూడండి. ఫేమా, చెప్పులు కుట్టేవాడు, నౌకర్లు మాట్లాడేదంతా వీధిలో మాటే. పండిత భాష మాట్లాడే రుజిచిచ్‌నే వెక్కిరించాడు. సిద్ధాంతం ఒకచోట, కలం ఇంకోచోట ఉన్న రచయితలు మనకీ తక్కువేం కాదు.

ఇక 1848. రాజీనామా చేసి వ్రషాత్స్ వచ్చేశాడు. అవతలి నుంచి వచ్చిన చదువుకున్న అధికారులంటే సెర్బియాలో స్థానికులకి గిట్టేది కాదు. ఆఫీసు రాజకీయాలు, అంతంతమాత్రం ఆరోగ్యం, అన్నీ కలిశాయి. ఆయన వచ్చిన ఏడాదే హంగరీలో విప్లవం. ఆస్ట్రియా సామ్రాజ్యం లోపల బానాత్ హంగరీ కిందే ఉండేది. బానాత్‌లో, చుట్టుపక్కల సెర్బులు, హంగేరియన్లు ఒకరిమీద ఒకరు ఆయుధాలు ఎత్తారు. నిన్నటిదాకా ఒక పక్క ఉన్నవాళ్లు రాత్రికి రాత్రి ఇంకో పక్క జెండా పట్టుకోవడం ఆయన దగ్గరుండి చూశాడు. అందులోంచి వచ్చిందే ‘రొదొల్యుప్సి’, అంటే దేశభక్తులు.

ఇందులో జుతిలోవ్ అనే చిన్న పట్నం అధికారి ఉంటాడు. హంగేరియన్లది పైచెయ్యి అయినప్పుడు పేరు చివర హంగేరియన్ తోక తగిలించుకుని, టోపీకి వాళ్ల రంగుల బిళ్ల పెట్టుకుంటాడు. సెర్బుల గాలి వీచగానే ఆ బిళ్ల పోయి సెర్బియన్ బిళ్ల వస్తుంది. గట్టిగా అరిచేవాడు పెద్ద దేశభక్తుడు. ఉన్న మాట చెప్పే గవ్రిలోవిచ్ అనే పెద్దమనిషిని ద్రోహి అంటారు. జనం కోసం పోగుచేసిన డబ్బు ఎవరి జేబులోకి పోతుందో కూడా చూపిస్తాడు. ఈ సీన్లు రిహార్సల్ చేసేటప్పుడు నేను పిల్లలకి ఒక్కటే చెప్పాను: టోపీ బిళ్ల మార్చేటప్పుడు నవ్వకండి, దొంగచూపులు చూడకండి, చొక్కా బొత్తాం పెట్టుకున్నంత మామూలుగా చెయ్యండి. వాడికి అది మోసమని తెలియదు. తెలిస్తే నాటకం చిన్నదైపోతుంది. మొదటిసారి అలా వేసినప్పుడు హాల్లో నవ్వు ఆలస్యంగా వచ్చింది, వచ్చాక కాస్త ఇబ్బందిగా ఆగిపోయింది. స్తెరియాకి కావలసింది ఆ నవ్వే అని నా నమ్మకం.

ముందుమాటలో ఆయన దీన్ని ఆనాటి సెర్బుల ఉద్యమపు ఆంతరంగిక చరిత్ర అన్నాడు. మంచి పనుల గురించి రాసేవాళ్లు వేరే ఉంటారు, మన తప్పులు దాచుకుని పొగుడుకుంటూ కూర్చుంటే ఏమీ నేర్చుకోం అని దాని సారం. ఆయన బతికుండగా ఇది అచ్చు కాలేదు, స్టేజీ ఎక్కలేదు. ఇరవయ్యో శతాబ్దం వచ్చాకే జనం ముందుకొచ్చింది.

చివరి ఏళ్లు దిగులుగానే గడిచాయి. 1850లో యెలెనా అనే వితంతువుని పెళ్లి చేసుకున్నాడు. 1853లో ‘బెల్‌గ్రేడ్ అప్పుడూ ఇప్పుడూ’ అనే చిన్న హాస్యనాటకం, 1854లో ‘దావోర్యే’ అనే కవితల పుస్తకం తెచ్చాడు. నాటకాల్లో నవ్వించినవాడేనా ఇది రాసింది అనిపించేంత బరువుగా ఉంటాయి ఆ కవితలు. తన సమాధి మీద రాసుకోవడానికి తానే ఒక పద్యం రాసుకున్నాడు. 1856 మార్చిలో పోయాడు, యాభై ఏళ్ల వయసు.

వీరేశలింగం పోలిక ఎందుకు వద్దంటున్నానంటే, పైపైన కలుస్తుంది: ఇద్దరూ టీచర్లు, ఇద్దరూ ప్రహసనాలు రాశారు. కానీ పంతులుగారి బలం సొంత పత్రిక, సంఘం, వితంతు వివాహాల్లాంటి వీధిలో పోరాటం. సమాజం మీదికి వెళ్లారు. స్తెరియా ప్రభుత్వం లోపల కూర్చుని చట్టం రాశాడు, సమాజంతో నేరుగా తలపడింది నాటకాల్లోనే. తరం కూడా వేరు, స్తెరియా బెల్‌గ్రేడ్ వదిలిన 1848లోనే మన పంతులుగారు పుట్టారు. పోలిక పెట్టి తీరాలంటే తేడా చెప్పడానికి పెట్టండి.

చిన్న చిన్న జాగ్రత్తలు మరికొన్ని. ‘సెర్బియన్ నాటకరంగ పితామహుడు’ అనే బిరుదు యోఆకిమ్ వూయిచ్‌ది, ఆయన 1835లోనే క్రాగుయెవాత్స్‌లో రాజుగారి థియేటర్ నడిపాడు. స్తెరియాకి చెందేది నాటక రచన పితామహుడనే మాట. రెండూ కలిపేస్తే వైవాలో పట్టుకుంటారు. తేదీల్లో పన్నెండు రోజుల తేడా కనబడితే కంగారుపడొద్దు, అప్పట్లో వాళ్లది పాత క్యాలెండర్. ఏదో ఒక లెక్కకి కట్టుబడండి.

చదివే వరుస: ముందు ‘పొకొందిరెనా తిక్వా’, ఎందుకంటే ఇబ్బంది లేకుండా నవ్విస్తుంది. తర్వాత ‘కిర్ యాన్యా’. ఆ తర్వాత 1844 నాటి పనులన్నీ ఒక కాగితం మీద రాసుకుని పక్కన పెట్టుకుని ‘రొదొల్యుప్సి’ చదవండి. టైముంటే ‘లాజా ఇ పారలాజా’లో చంద్రుడి సీను ఒక్కటి చాలు. కొసోవో విషాదాలు మీ పేపర్‌కి అక్కర్లేదు. ఇవాళ ఈయన నాటకాల్ని ఎలా వేస్తున్నారో చూడాలంటే, 1956 నుంచి నోవీ సాద్‌లో ఆయన పేరు మీద జరుగుతున్న ‘స్తెరియినో పొజోర్యే’ నాటకోత్సవం ఉంది. ఆ ఏడాదికి ఆయన పోయి నూరేళ్లు. దాని ప్రొడక్షన్ల వీడియోలు వెతికి, భాష రాకపోయినా టోపీ బిళ్ల సీను చూడండి. మీ పేపర్‌లో ప్రదర్శన గురించి రాయాల్సిన భాగానికి అది పనికొస్తుంది. మీ డ్రాఫ్టు అయ్యాక ఇక్కడ పెడితే చూసి చెప్తాను.